మా ఇంటి క్రిస్మస్: లూకా రెండో అధ్యాయం ఈసారి ఎవరు చదవాలి?

మహేంద్రతనయ ఒడ్డు | డిసెంబరు 4, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు. ఇంటి గొడవ ఒకటి మీ ముందు పెడుతున్నాను. పెద్దది కాదు గానీ వారం రోజులుగా భోజనాల దగ్గర అదే మాట.

మా ఇంట్లో క్రిస్మస్ అంటే ఇరవై నాలుగో తేదీ రాత్రి. ఇరవై ఐదు ఊరందరిదీ: మందిరం, కొత్త బట్టలు, ప్రేమవిందు, వచ్చేపోయే చుట్టాలు. ఇరవై నాలుగు మాత్రం మా ఒక్కరిదే. సాయంత్రం మామయ్య గారి సమాధికి సున్నం వేసి వస్తాం. చీకటి పడగానే వీధి గుమ్మానికి నక్షత్రం కడతాం. దాని వెదురు బద్దలు మామయ్య గారు చీల్చి కట్టినవే, ముప్పై ఏళ్లు దాటాయి. కాగితం మాత్రం ఏటా మారుస్తాం. మైదా జిగురు నేనే ఉడకబెడతాను. అందులో చిటికెడు మైలుతుత్తం వేయకపోతే పండుగ వెళ్లేలోగా బొద్దింకలు నక్షత్రాన్ని తినేస్తాయి.

ఆ తర్వాత అందరం చాప మీద కూర్చుంటాం. ఆ ఏడాది కొత్తగా చదవడం నేర్చుకున్న పిల్లో పిల్లాడో లూకా సువార్త రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు, అంటే యేసు పుట్టిన కథ, పైకి చదవాలి. తప్పు చదివినా ఎవరూ దిద్దకూడదు, నవ్వకూడదు. అది మామయ్య గారు పెట్టిన నియమం. రెండో వచనంలో సిరియా అధిపతి కురేనియ ఉన్నాడు చూడండి, ఆయన దగ్గర తడబడని వాళ్లు మా ఇంట్లో ఇంతవరకు లేరు. మా ఆయన ఆరేళ్ల వయసులో 'కూర నెయ్యి' అని చదివారట. ఇప్పటికీ మా ఆడపడుచు ఫోను చేస్తే 'కూర నెయ్యి ఉన్నాడా?' అనే అడుగుతుంది.

ఈసారి వంతు మా చిన్నవాడిది. ఏడేళ్లు, ఒడియా మీడియంలో రెండో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరాలు రావు. బావగారి అమ్మాయి బెంగళూరులో చదువుతుంది, దానికి ఎనిమిదేళ్లు. దానికీ తెలుగు రాదు. అత్తయ్యకు డెబ్బై ఎనిమిది. 'తెలుగులో చదివితేనే నాకు క్రిస్మస్' అంటున్నారు. మా ఆయన ఒడియా బైబిలు చదివిద్దాం అంటారు. బావగారేమో ఫోనులో చదివే గొంతు ఉంది, అది పెట్టేద్దాం అన్నారు. దానికి అత్తయ్య, 'ఆ ఫోను కురేనియ దగ్గర తడబడదు కదా, ఇక వినడానికి ఏముంది?' అని లేచి వెళ్లిపోయారు.

మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు? సరిహద్దు ఊళ్ల వాళ్లు ముఖ్యంగా చెప్పండి.

---

గుణుపురం బండి | డిసెంబరు 4, రాత్రి 10:15

అక్కా, మాది గుణుపురం, ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. మీ అత్తయ్య గారికి నా ఓటు.

మా ఇంటి క్రిస్మస్ రైల్లో వచ్చేది. నౌపడా నుంచి మీ ఊరి మీదుగా మా ఊరికి వచ్చే చిన్న బండి మీకు గుర్తుండే ఉంటుంది. 1900లో మీ ఊరిదాకా, 1931లో మా గుణుపురం దాకా వేశారు. ఇరవై మూడో తేదీ సాయంత్రం పిల్లలందరం లాంతరు పట్టుకుని స్టేషనుకు వెళ్లేవాళ్లం. లాంతరు అవసరం లేదు, దీపాలు ఉండేవి. తాత కాలంలో మొదలైంది కాబట్టి పట్టుకెళ్లేవాళ్లం, అంతే. నౌపడాలో బండి మారేటప్పుడు పెద్దనాన్న జీడిపప్పు కొనేవారు. ఆ పొట్లం విప్పితేగాని మా ఇంట్లో పిండివంటలు మొదలయ్యేవి కావు. పాకం కాగుతున్నా సరే, పొయ్యి దించి బండి కోసం చూసేవాళ్లు.

2004లో పెద్ద లైను వేయడానికి చిన్న బండి ఆపేశారు. ఆ ఏడాది పెద్దనాన్న బస్సులో వచ్చారు. మేం లాంతరు పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియక ఇంటి అరుగు మీదే కూర్చున్నాం. పెద్ద బండి వచ్చాక మళ్లీ స్టేషనుకే వెళుతున్నాం. లాంతరుకు ఇప్పుడు బ్యాటరీ.

చదువు విషయం: పిల్లాడికి ఇరవై రోజులు ఉన్నాయి. తెలుగు అక్షరాలు నేర్పేయండి.

---

నిక్కచ్చి | డిసెంబరు 5, ఉదయం 6:02

నక్షత్రం కట్టమని వాక్యంలో ఎక్కడ ఉంది? సమాధికి సున్నం ఎక్కడ ఉంది? డిసెంబరు 25 అనే తేదీయే లేదు. ఇవన్నీ మనుషుల పారంపర్యాలు. వాక్యం చదవడం ఒక్కటే మంచి పని. అది ఏ భాషలోనైనా ఒకటే.

---

మహేంద్రతనయ ఒడ్డు | డిసెంబరు 5, ఉదయం 7:30

@గుణుపురం బండి: తమ్ముడూ, ఇరవై రోజుల్లో ఒత్తులు, గుణింతాలు నేర్పితే వాడు చదువుతాడేమో గానీ, తర్వాత జన్మలో తెలుగు పుస్తకం ముట్టడు. రోజూ బడి, ఆ తర్వాత ట్యూషను. నాకు ధైర్యం చాలడం లేదు.

@నిక్కచ్చి: అన్నయ్యా, సమాధికి సున్నం వేసేది చీమల పుట్టలు లేవకుండా. మిగతావాటికి మీ మాటే ఒప్పుకుంటాను. ఏ భాషలోనైనా ఒకటే అన్నారు, ఆ ఒక్కమాట మా అత్తయ్యకు మీరే చెప్పాలి, నా వల్ల కాదు.

---

జయపురం చెల్లాయి | డిసెంబరు 5, మధ్యాహ్నం 1:20

తేదీ గురించి ఒక మాట. సువార్తల్లో లేదన్నది నిజమే. రోములో మాత్రం 336 నాటికే డిసెంబరు 25న జరిపినట్టు 354 నాటి పంచాంగంలో ఉంది. పదహారు వందల యాభై ఏళ్లు దాటిన అలవాటు, కాస్త గౌరవం ఇవ్వవచ్చు కదా.

మాది జయపురం, లూథరన్ సంఘం. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం ఊరి మిషనువాళ్లు 1882లో కొరాపుట్ వైపు వచ్చారు. వాళ్లతో పాటు మా ఇళ్లలోకి వచ్చినది ఆగమన కాలపు చక్రం. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులు, వారానికి ఒకటి చొప్పున పెంచుతూ వెలిగిస్తాం. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ వీఖెర్న్ అనే పాస్టరు గారు పేద పిల్లల ఆశ్రమం నడిపేవారు. 'పండుగ ఎప్పుడు, పండుగ ఎప్పుడు' అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే బండి చక్రం ఒకటి వేలాడదీసి, దాని మీద రోజుల లెక్కన కొవ్వొత్తులు పెట్టారు. ఆదివారాలకు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి. మొదట్లో ఆకులూ కొమ్మలూ ఏమీ లేవు.

మా నాన్నగారి చక్రం పాత సైకిలు రిమ్ము. మామిడాకులు చుడతాం. నా పెళ్లయ్యాక ఇంకో రిమ్ము కోసం రిపేరు షాపుకు వెళితే, 'ట్యూబు, టైరు అక్కర్లేదా?' అని ఆయన మూడుసార్లు అడిగాడు.

మీ ప్రశ్నకు వస్తే, మా ఇంట్లో నాలుగు ఆదివారాలు నాలుగు భాషలు. ఒడియా, తెలుగు, దేశియా (మా కొరాపుట్ వైపు మాట్లాడే ఒడియా యాస), ఇంగ్లీషు. తెలుగు వారం నాన్నగారిది. ఆయన పోయాక ఆ వారం నేను చదువుతున్నాను. నా తర్వాత ఎవరో తెలియదు. అందుకే మీ ప్రశ్న చూడగానే ఆగిపోయాను.

---

బరంపురం వంటిల్లు | డిసెంబరు 5, సాయంత్రం 4:45

చదువు సంగతి పెద్దలు తేలుస్తారు, నేను పొయ్యి దగ్గరి సంగతి చెబుతాను. మాకు క్రిస్మస్ అంటే అరిసెలు, గులాబీ పువ్వులు.

పక్కింటి ఒడియా ఆవిడ, మా అమ్మ ప్రతి డిసెంబరులో ఒకటే వాదన. ఆవిడ ఆరిసా పిఠా అంటారు, అమ్మ అరిసె అంటుంది. బియ్యం నానబెట్టడం, తడి పిండి దంచడం, బెల్లం పాకం, నువ్వులు, అన్నీ ఒకటే. నూనెలోంచి తీశాక అమ్మ చెక్కలతో నొక్కుతుంది, ఆవిడ అంతగా నొక్కరు. 'నూనె తాగడం మీకు ఇష్టం' అని అమ్మ, 'ఎండు రొట్టె చేసుకోవడం మీకు ఇష్టం' అని ఆవిడ. నలభై ఏళ్లుగా ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని చేస్తున్నారు.

గులాబీ పువ్వుల అచ్చు మా నానమ్మది, ఇనుముది. అచ్చును ముందు నూనెలో బాగా కాగనివ్వాలి. పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అంచు దాటి మునిగిందా, పువ్వు అచ్చును వదలదు. మా ఇంట్లో కొత్త కోడలికి ఇదే మొదటి పరీక్ష. నా మొదటి నాలుగు పువ్వులూ అచ్చుకే అంటుకున్నాయి. మా అత్తగారు ఏమీ అనలేదు, చాకుతో గీకి తినేశారు.

కేకు మాత్రం మా ఇంట్లో బయటి నుంచే. అది పండుగ వంట అని నేను ఒప్పుకోను.

---

గుణుపురం బండి | డిసెంబరు 5, సాయంత్రం 5:10

కేకును అలా తీసిపారేయకండి. కేరళ తలశ్శేరిలో మంబల్లి బాపు 1883లో క్రిస్మస్ కేకు చేశారని చెబుతారు. అంటే మా చిన్న బండి కన్నా పెద్దది.

---

బరంపురం వంటిల్లు | డిసెంబరు 5, సాయంత్రం 5:14

అరిసె వయసు ఎంతో చెప్పమంటారా?

---

నిర్వాహకుడు | డిసెంబరు 5, సాయంత్రం 6:00

కేకు-అరిసె యుద్ధం పోయినేడాది నూట పన్నెండు టపాలు నడిచింది. దయచేసి అసలు విషయానికి రండి.

---

బల్లార్షా బాబాయి | డిసెంబరు 6, రాత్రి 8:25

నేను ఒడిశా వాణ్ని కాను, మరో సరిహద్దు వాణ్ని. చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల్లో పనికి వచ్చారు. మా ఇంట్లో క్రిస్మస్ పళ్లెంలో కరంజీ, చివడా, శంకర్‌పాళీ ఉంటాయి. దీపావళికి ఎదురింటి మరాఠీ వాళ్లు మాకు పంపేవి అవే, మేం డిసెంబరులో తిరిగి పంపేవీ అవే. మందిరంలో పాడేవి మరాఠీ పాటలు. నారాయణ్ వామన్ టిళక్ గారు రాసినవి ఎంత బాగుంటాయో. ఇంటికి వచ్చాక తెలుగు కీర్తనలు.

మా పిల్లలు మరాఠీ మీడియం. తెలుగు రాదు. అందుకని మా ఆవిడ ఒక పని చేసింది. నాలుగు వందల పేజీల నోటు పుస్తకం కొని తెలుగు కీర్తనలన్నీ దేవనాగరి అక్షరాల్లో రాసింది. మూడేళ్లు పట్టింది. 'ళ' మరాఠీలోనూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. చిక్కంతా ఎ, ఏ దగ్గర, ఒ, ఓ దగ్గర. అక్కడ రెండింటికీ ఒకటే గుర్తు. 'ఎవరు' అని ఉంటే మావాడు 'ఏవరు' అంటాడు. మా ఆవిడ పొట్టి అక్షరం మీద ఎర్ర పెన్నుతో చుక్క పెడుతుంది. ఎర్ర చుక్క ఉంటే కుదించి పలకాలని ఇంట్లో చట్టం.

మీరూ అలా ఒడియా అక్షరాల్లో తెలుగు రాసి ఇవ్వండి అమ్మా. ఇరవై వచనాలే కదా.

---

మహేంద్రతనయ ఒడ్డు | డిసెంబరు 6, రాత్రి 9:05

బాబాయి గారూ, ఇది మా బుర్రకు తట్టనే లేదు! పిన్ని గారికి నా నమస్కారాలు చెప్పండి. ఒడియాలోనూ ఎ, ఒ చిక్కు ఉంది, ఎర్ర చుక్క అరువు తెచ్చుకుంటాను.

ఇంకో చిక్కు ఉంది. ఒడియాలో గుర్తు ఏదీ లేని అక్షరాన్ని నోరు గుండ్రంగా చేసి పలుకుతారు. 'మరియ' అని రాస్తే మావాడు 'మొరియొ' అనేస్తాడు. ఇప్పుడే ఒక చీటీ మీద రాసి చూశాను. 'పశువుల తొట్టి' అని రాస్తే 'పొశువులొ తొట్టి' అన్నాడు. అత్తయ్య పక్కగదిలోంచి, 'ఎవరు ఆ బెంగాలీ?' అని అడిగారు.

---

పాతపట్నం మాస్టారు | డిసెంబరు 7, ఉదయం 10:30

అమ్మా, నేను క్రైస్తవుణ్ని కాను. మీ ఊరి పక్క మహేంద్రతనయ నదికి అవతలి ఒడ్డున, పాతపట్నంలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. అయినా ఈ చర్చలో తలదూర్చే హక్కు నాకు ఉందనుకుంటాను. మా వీధిలో మూడు క్రైస్తవ కుటుంబాలు ఉండేవి. క్రిస్మస్‌కు వాళ్ల పళ్లెం వచ్చేది. ఖాళీ పళ్లెం తిరిగి పంపకూడదు కనుక సంక్రాంతి వరకు మా అమ్మ అటక మీద దాచేది. అలా మూడు వారాలు మా వంటింట్లో వాళ్ల పళ్లేలు, ఆ తర్వాత వాళ్ల ఇళ్లలో మావి. ఒక ఏడాది లెక్క తప్పి మాకు ఒకటి ఎక్కువ మిగిలింది. అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నేను అందులోనే ఫలహారం తింటున్నాను.

మీ ఊరి సంగతే మీకు గుర్తు చేస్తాను. తెలుగులో క్రైస్తవ కీర్తనలకు పెద్దదిక్కు పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) మీ పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు. తెలుగు ఆయన ఇంటి భాష కాదు. బాప్తిస్మం పొందింది కటకంలో. మీరు మందిరంలో పాడే తెలుగులో ఎంతో భాగం అలాంటి మనిషి చేతిది. ఇక గిడుగు రామమూర్తి గారు (1863-1940) మీ ఊరి బడిలో పాఠాలు చెబుతూనే సవరల భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు చేశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడినదీ అక్కడి నుంచే. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్లినప్పుడు ఆయన ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. మీలాంటి వాళ్లు ఉండిపోయారు. అదేమీ చిన్న పని కాదు.

కాబట్టి ఒడియా అక్షరాల్లో తెలుగు రాయడానికి జంకకండి. 'మొరియొ' అన్నా ఫరవాలేదు. దిద్దకూడదని మీ మామగారే చెప్పారు కదా.

రెండో మాట. బెంగళూరు పాప బడిలో కన్నడం ఉందా? ఉంటే ఆ పిల్లకు తెలుగు అక్షరాలు సగానికి పైగా వచ్చినట్టే. రెండు లిపులూ ఒక తల్లి పిల్లలు. తలకట్టు తీరు వేరు, క, త, శ దగ్గర కాస్త ఆగుతుంది. మిగతావి గుర్తుపట్టేస్తుంది. అడిగి చూడండి.

---

సెరంగో కోడలు | డిసెంబరు 7, రాత్రి 9:50

మాస్టారు గారూ, సవర మాట ఎత్తారు కాబట్టి నేనూ వచ్చాను. నేను తెలుగింటి ఆడపిల్లను, సెరంగో దగ్గర సవర ఇంటికి కోడలిని. గజపతి జిల్లా కొండల్లో క్రైస్తవులంటే ఎక్కువగా సవరలే. జిల్లా మొత్తం మీద 2011 జనాభా లెక్కల్లో వందకు ముప్పై ఎనిమిది మంది క్రైస్తవులు. కెనడా బాప్తిస్టు మిషను పని చేసిన చోటు మాది.

మా మామగారి బైబిలు సవర భాషలో ఉంటుంది, అక్షరాలు ఇంగ్లీషువి. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ ఆ అక్షరాలన్నీ వచ్చు. కాబట్టి ఒకరి అక్షరాలతో ఇంకొకరి భాష చదవడం మా కొండల మీద కొత్తేమీ కాదు అక్కా.

మా ఇంట్లో ఇరవై నాలుగు రాత్రి నిద్ర ఉండదు. ఊరంతా డప్పులతో ఇంటింటికీ తిరుగుతారు. ఏ ఇంట్లోనూ కూర్చోరు, వాకిట్లో పాడి వెళ్లిపోతారు. చలికి వాకిట్లో మంట వేస్తాం. తెల్లవారాక ప్రేమవిందు. అడ్డాకు విస్తళ్లు కుట్టడం నా పని. ఒడియాలో సియాలి ఆకు అంటారు. నా మొదటి విస్తరిలోంచి దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) కారి పాస్టరు అయ్యగారి పంచె మీద పడింది. ఇప్పుడు రెండు వరసలు కుడుతున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది చూడండి, ఆ డిసెంబరులో మా ఇంటికి పైకప్పు లేదు. సర్కారు ఇచ్చిన టార్పాలిను కింద ఉన్నాం. నక్షత్రానికి కాగితం దొరకలేదు. మా ఆడపడుచు టార్పాలిను అంచు కత్తిరించి నీలం నక్షత్రం చేసింది. అది ఇంకా ఉంది, ఏటా కడతాం. అంతకు ముందు 2008లో మాత్రం ఇంట్లోపలే కట్టాం. కంధమాల్ మాకు పక్క జిల్లా, అక్కడ క్రైస్తవుల మీద దాడులు జరిగిన ఏడాది అది. ఆ ఏడాది డప్పులు కూడా తీయలేదు. అంతకన్నా దాని గురించి రాయను.

---

నిక్కచ్చి | డిసెంబరు 8, ఉదయం 5:55

సెరంగో చెల్లెమ్మ రాసినది చదివాను. నక్షత్రం గురించి నేను అన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను. తేదీ గురించి కాదు.

---

మహేంద్రతనయ ఒడ్డు | డిసెంబరు 14, రాత్రి 10:00

మాస్టారు గారూ, మీ ఊహ నిజమైంది. బావగారి అమ్మాయికి కన్నడం రెండో భాష. వీడియో కాల్‌లో మా తెలుగు బైబిలు పేజీ చూపించాం. అది కళ్లు చిట్లించి, 'పిన్నీ, ఇది కన్నడం, కానీ ఎవరో వంకరగా రాశారు' అంది. ఆ మాటకు అత్తయ్య ఎంత నవ్వారో చెప్పలేను. చదవమంటే మొదటి వచనంలో సగం చదివేసింది.

ఇక ఇక్కడ మావాడు అలిగాడు. ఈ ఏడాది వంతు తనది, అక్కకు ఎలా ఇస్తారు అని. పది వచనాలు నీకు, పది అక్కకు అంటే ఒప్పుకోలేదు. కారణం ఏమిటో తెలుసా? కురేనియ రెండో వచనంలోనే ఉన్నాడు. ముందు చదివేవాళ్లకే ఆయన దక్కుతాడు. తడబడే అవకాశం కోసం పిల్లలు కొట్టుకోవడం మా ఇంట్లోనే చూస్తున్నాను.

కార్డులు రాస్తున్నాను. ఇరవై వచనాలకు ఇరవై కార్డులు, ఒడియా అక్షరాలు, ఎర్ర చుక్కలు. పన్నెండు అయ్యాయి. 'పొత్తిగుడ్డలు' దగ్గర వాడు ఆగి అర్థం అడిగాడు. నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. పసిపాపకు చుట్టే మెత్తని పాత బట్ట అని అత్తయ్య చెప్పి, బీరువాలోంచి మా ఆయన పుట్టినప్పటిది తీసి చూపించారు. ఆవిడ అది దాచారని మా ఎవరికీ తెలియదు. మా ఆయనకు కూడా.

---

బల్లార్షా బాబాయి | డిసెంబరు 14, రాత్రి 10:20

అమ్మా, కురేనియను ఇద్దరికీ ఇవ్వండి. మొదటి మూడు వచనాలు ఇద్దరూ చదవనివ్వండి. రెండుసార్లు వింటే సువార్త అరిగిపోదు.

---

బరంపురం వంటిల్లు | డిసెంబరు 20, ఉదయం 11:00

ఈలోగా ఎవరికైనా గులాబీ పువ్వుల అచ్చు కావాలా? మా వంట నిన్ననే అయిపోయింది. ఎల్లుండి మా తమ్ముడు పర్లాకిమిడి వస్తున్నాడు, పంపగలను. మహేంద్రతనయ గారూ?

---

మహేంద్రతనయ ఒడ్డు | డిసెంబరు 20, ఉదయం 11:15

పంపండి అమ్మా, తప్పకుండా. మా అచ్చు పిడి ఊడిపోయింది.

---

మహేంద్రతనయ ఒడ్డు | డిసెంబరు 26, మధ్యాహ్నం 3:30

చుట్టాలు ఇప్పుడే వెళ్లారు. అడిగిన వాళ్లందరికీ ఒకేసారి చెబుతున్నాను.

ఇరవై నాలుగు రాత్రి ఎనిమిదికి కూర్చున్నాం. ఇంతలో కరెంటు పోయింది. నక్షత్రంలో బల్బు బదులు మళ్లీ కిరోసిన్ బుడ్డి పెట్టాల్సి వచ్చింది, కాగితం అంటుకుంటుందేమోనని మా ఆయన బయటే నిలబడ్డారు. పిల్లలు లాంతరు వెలుగులో చదివారు. బాబాయి గారు చెప్పినట్టు మొదటి మూడు వచనాలు ఇద్దరూ చదివారు.

మావాడు ముందు. కార్డు చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు. 'ఔగుస్తు' దాటాడు. రెండో కార్డు తీశాడు. కురేనియ దగ్గరికి వచ్చాడు. ఆగాడు. అందరం ఊపిరి బిగపట్టాం. వాడు చక్కగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా 'కురేనియ' అనేశాడు. ఇంట్లో మూడు తరాల్లో మొదటిసారి. పాపం వాడి ముఖం చూడాలి, ఏదో పోగొట్టుకున్నవాడిలా మా వైపు చూశాడు. వారం రోజులుగా బడికి వెళ్తూ అదే మాట వల్లె వేసుకున్నాడట, ఎక్కువ సాధన అయిపోయింది. ఆ తర్వాత మాత్రం 'మొరియొ' అన్నాడు, 'గొల్లొలు' అన్నాడు, ఎవరూ దిద్దలేదు.

తర్వాత పాప అసలు తెలుగు బైబిలు ఒళ్లో పెట్టుకుని చదివింది. వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. కురేనియ దగ్గర 'కు... రే... ఇది ఊరా, మనిషా?' అని అడిగింది. నవ్వకూడదన్న నియమం అక్కడ తెగిపోయింది. ముందు నవ్వింది అత్తయ్యే. మిగతా పదిహేడు వచనాలు ఇద్దరూ చెరో వచనం చొప్పున చదివారు, నలభై నిమిషాలు పట్టింది. గుమ్మం దగ్గర నిలబడిన మా ఆయన, 'గొర్రెల కాపరులు ఇంకా బయల్దేరలేదా?' అని రెండుసార్లు అడిగారు.

అత్తయ్య ఇరవై కార్డులూ తీసుకుని బైబిల్లో ఆ పేజీ దగ్గరే పెట్టుకున్నారు. ఆవిడకు ఒడియా చదవడం రాదు.

---

పాతపట్నం మాస్టారు | డిసెంబరు 26, సాయంత్రం 5:00

సంతోషం అమ్మా. ఆ 'వంకర కన్నడం' మాట నా పాత శిష్యులందరికీ పంపించాను.

---

జయపురం చెల్లాయి | డిసెంబరు 26, సాయంత్రం 6:40

నేనూ కార్డులు మొదలుపెడుతున్నాను. మా అక్క కొడుకు ఒడియా చదువుతాడు. వచ్చే ఆగమనకాలానికి తెలుగు వారం వాడిది. ఎర్ర చుక్కల పద్ధతి ఇంకొకసారి వివరంగా రాయండి బాబాయి గారూ.

---

గుణుపురం బండి | డిసెంబరు 27, ఉదయం 8:10

అక్కా, అరిసెల గురించి ఒక్క మాటా రాయలేదు. కిలో బియ్యానికి బెల్లం ఎంత వేస్తారు? మా పెద్దమ్మ కొలత ఎవరికీ చెప్పకుండానే పోయింది.

---

మహేంద్రతనయ ఒడ్డు | డిసెంబరు 27, ఉదయం 8:45

ముప్పావు కిలో. పాకం చుక్క నీళ్లలో వేస్తే వేళ్లకు మెత్తని ఉండ కావాలి, అప్పుడు దించేయాలి. గట్టి ఉండ అయ్యేదాకా ఉంచితే అరిసె రాయి అవుతుంది.

@బరంపురం వంటిల్లు: అమ్మా, మీ అచ్చు కడిగి నూనె రాసి పెట్టాను. మావాడి మొదటి మూడు పువ్వులూ దానికే అంటుకున్నాయి, గీకిన గీతలు ఒకటి రెండు పడ్డాయి. తమ్ముడు ఎప్పుడు వస్తాడో చెప్పండి. పళ్లెం కూడా సిద్ధంగా ఉంది.